ఒంటిచేతి తోటపనివాడు - అతని పనిముట్లు
(ఉపన్యాస పాఠము)



ఢిల్లీ నగరమున ప్రభుత్వ నివాసములలో కాపురముండు వారికి మే, జూన్ మాసముల గాలిదుమారము క్రొత్త కాదు. సాయంకాలమున ఆకాశము మట్టిరంగు తిరుగును. అర గంటలో వేపకొమ్మయో, నేరేడుకొమ్మయో విరిగి ప్రహరీగోడ మీద వ్రాలును. మరునాటి ఉదయము వీధిలో ఒక మనిషి సైకిలు త్రోసికొనుచు వచ్చును. సైకిలు ప్రక్కన ఒక వెదురుగడ, వెనుక గోనెసంచిలో గొడ్డలి, రంపము, చుట్టగా చుట్టిన త్రాడు. బేరము కుదురును. ఆ తరువాత గంటసేపు అతని ప్రాణము ఆ సంచిలోని సామాను మీద ఆధారపడి యుండునన్న సంగతి బేరమాడిన వారికి తోచదు. ఒక్కొక్కప్పుడు అతనికిని తోచదు.

నేటి ప్రసంగమునకు విషయము ఆ సామానే. ఉగాది కవిసమ్మేళనములకును, త్యాగరాజోత్సవములకును అలవాటుపడిన సభలో గొడ్డళ్ళ ప్రస్తావన ఏల యని కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుటకు అభ్యంతరము లేదు. కాని యీ సభలోని వారి తాతముత్తాతలలో పెక్కుమంది పార పట్టినవారే గదా!

నేలపని సామానును గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. పార, గునపము, కొడవలి, దంతె, బొరిగె. ఈ బొరిగెనే ఢిల్లీ మాలీలు ఖుర్పీ అందురు. ఇవి వేల సంవత్సరములుగా అరిగి అరిగి సరియైన రూపమునకు వచ్చినవి. వీనిని మార్చబూనుట వృథాశ్రమ. ఒంటరిగా పనిచేయువాని తెలివి కనబడునది కొలతలలోను, మోతలోను. ఇంటి ముందు పచ్చికనేల చదును చేయవలెననుకొందము. ఇంజనీరు వద్ద నుండు దూరదర్శని ఇతనికి లేదు. పది గజముల పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టమును నీటితో నింపి రెండు కొనలను రెండు కర్రలకు కట్టును. గొట్టములో గాలిబుడగ లేకున్నచో రెండు కొనలయందును నీటిమట్టము ఒకటే యగును. ఇంతకంటె నమ్మదగిన మట్టపుసాధనము ఇంత చవుకగా మరొకటి లేదు. మూలమట్టము చూచుటకు త్రాటికి సమానదూరములలో పండ్రెండు భాగములు గుర్తించి, మూడు, నాలుగు, ఐదు భాగములుగా మూడు మేకులకు బిగించిన చాలును. మూడు, నాలుగు భాగముల భుజములు కలియుచోట లంబకోణము దానంతటదే వచ్చును.

మోతకు పాత సైకిలు చక్రములు రెండు, ఇనుప కోణపుకమ్మీలు కొన్ని. వీనితో చేసిన బండిలో ఇరుసు మధ్యకు వచ్చి, బరువు ఇరుసు మీద నిలిచినచో, భుజము మీద ఎత్తలేని దుంగను ఒక్కడే త్రోసికొనిపోవును. ఇరుసు ముందు కొనకు జరిగినచో సగము బరువు చేతుల మీదనే యుండును. ఇట్టి బండ్లు చేసికొన్నవారిలో సగముమంది ఇరుసు సంగతి రెండవ బండి చేయునప్పుడే తెలిసికొందురు. ఆకులు, చిన్నకొమ్మలు ఈడ్చుటకు నాలుగు మూలల త్రాళ్ళు కుట్టిన గోనెపట్టా సరిపోవును.

ఇట్లు ఇంటిలోనో వర్క్‌షాపులోనో పుట్టి లోకమునంతటిని ఆక్రమించిన పరికరములును గలవు. ఇంగ్లండులో స్ట్రౌడ్ ప్రాంతమున ఎడ్విన్ బడ్డింగ్ అను యంత్రకారుడు ఉన్నిబట్టల మీది నూగును సమముగా కత్తిరించు మిల్లు యంత్రమును చూచి, అదే పద్ధతిలో గడ్డిని ఏల కోయరాదని యోచించెను. 1830లో పేటెంటు పొందిన ఆ యంత్రమే నేటి పచ్చికకోత యంత్రములకు పూర్వజుడు. అంతకుముందు చదునైన పచ్చిక గావలెనన్నచో పెద్ద కొడవళ్ళ పనివారినో, గొఱ్ఱెలనో ఆశ్రయింపవలసి యుండెను. అమెరికాలో హ్యూస్టన్ నగరవాసి జార్జి బల్లాస్ 1971లో మోటారుకార్లను కడుగు తిరుగుడు బ్రష్షులను చూచి, పేలాల డబ్బాకు చేపలుపట్టు దారము తగిలించి త్రిప్పి, చెట్ల మొదళ్ళ చుట్టు గడ్డిని కోయు సాధనమును తయారుచేసెను. నేడు భుజమునకు తగిలించుకొని జుయ్యిమని గడ్డి కోయు యంత్రముల వంశమంతయు ఆ డబ్బానుండి దిగినదే.

ఇక చెట్టు సంగతి. ఇచ్చట విషయము బరువెక్కును. అలంకారముగా గాదు, నిజముగానే. పచ్చి కర్ర ఇంచుమించు నీటియంత బరువు. ముప్పది సెంటీమీటర్ల లావు, ఒక మీటరు పొడవు గల దుంగ సుమారు 70 కిలోలు తూగును. అనగా ఒక పూర్తి మనిషి. నేలమీదినుండి చూచువానికి అది చిన్న ముక్కగా కనబడును. దానిని కోసి వదలినచో క్రిందనున్న పెంకులు, తీగెలు, కారు ఏమగునో చెప్పనక్కరలేదు.

అందుచేత కొమ్మకు త్రాడు కట్టి దింపవలెను. 70 కిలోలను ఒక్కడు చేతులతో పట్టి నిలుపలేడు. ఇచ్చట చెట్టే అతనికి రెండవ మనిషి. త్రాటిని మ్రాను చుట్టు త్రిప్పినచో ఒక్కొక్క చుట్టుకు పట్టు కూడికగా గాక హెచ్చవేతగా పెరుగును. ఘర్షణ గుణకము 0.25 అనుకొన్నచో ఒక చుట్టుకు దాదాపు 5 రెట్లు, రెండు చుట్లకు 23 రెట్లు, మూడు చుట్లకు 100 రెట్లు దాటును. మూడు చుట్లు చుట్టినవాడు దుంగను బొటనవ్రేలితో దింపవచ్చుననుట అతిశయోక్తి కాదు. ఓడరేవులలో చిన్నపిల్లవాడు పెద్దపడవను గుంజకు నిలుపుట ఈ సూత్రముననే. కొందరు ఇనుపగొట్టపు ముక్కకు రెండు కొమ్ములు అతికించి చెట్టు మొదట కట్టి, మ్రాను బెరడు చెడకుండ దానికే త్రాడు చుట్టుదురు. తెలిసిన వెల్డరు చేయగల పని యిది.

అయితే పైన గిలక తగిలించిన చోట ఒక మోసమున్నది. కొమ్మ ఒక ప్రక్క క్రిందికి లాగును. పట్టుకొన్న త్రాడు రెండవ ప్రక్క అంతే బలముతో క్రిందికి లాగును. గిలకను మోయు కొమ్మ మీద పడునది దుంగ బరువునకు ఇంచుమించు రెండింతలు. దుంగ ఒక గజము జారిపడి ఆగినచో, ఆ కుదుపు మరికొన్ని రెట్లు. ఎండిన కొమ్మకు గిలక కట్టి, గిలకతో సహా కొమ్మయు తానును క్రిందికి వచ్చినవారు గలరు.

కోతకును ఒక క్రమము గలదు. పెద్దకొమ్మను పైనుండి ఒక్క కోతతో తెగగోసినచో, అది తెగకముందే వంగి, మ్రాను బెరడును నిలువున చీల్చుకొని పోవును. మొదట మ్రానుకు ఒక అడుగు దూరమున క్రిందినుండి మూడవవంతు లోతు కోయవలెను. దానికి కొంచెము వెలుపల పైనుండి కోసినచో కొమ్మ శుభ్రముగా విరిగి పడును. మిగిలిన మొండెమును మూడవ కోతతో, కొమ్మ మొదటనుండు ఉబ్బిన కంఠమునకు వెలుపల తీయవలెను. ఆ కంఠమును తాకరాదు. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో (1930-2006) మోటారు రంపముతో వేలాది దుంగలను నిలువున చీల్చి పరీక్షించి ఈ రహస్యమును బయటపెట్టెను. చెట్టు గాయమును మాన్పుకొనదు, గోడలు కట్టి వేరుచేయునని ఆయన చూపెను. ఆ గోడలలో ముఖ్యమైనది లేచునది ఆ కంఠముననే. కోసినచోట తారు పూయుట చెట్టునకు ఉపకారమని మన వీధులలో నేటికిని కొందరు నమ్మెదరు. పూతలు కుళ్ళును ఆపవని ఆయన పరిశోధనలు తేల్చినవి.

మోటారు రంపము పుట్టినప్పుడు ఒంటివాని సాధనము కాదు. జర్మనీలో ఆండ్రియాస్ ష్టీల్ 1926లో చేసిన విద్యుత్ గొలుసురంపమును ఇద్దరు పట్టి మోయవలసి యుండెను. అదే సంస్థనుండి ఒక్క మనిషి పట్టగల పెట్రోలు రంపము 1950లో వచ్చెను. నడుమ అమెరికాలో జోసెఫ్ కాక్స్ అను కొయ్యపనివాడు, కొయ్యను తొలుచు పురుగు తన దవడలను కుడికి, ఎడమకు త్రిప్పి తినుట గమనించి, గొలుసు పండ్లకు ఆ రూపము నిచ్చెను. 1947 నుండి అమ్మకమునకు వచ్చిన ఆ పంటి తీరే నేటికిని సాగుచున్నది. ఈ యంత్రము పది నిమిషములలో చేయు పని చేతిరంపమునకు ఒక పూట పట్టును. కాని పట్టీ కొన పైభాగము కొయ్యకు తగిలినచో రంపము వెనుకకు ఎగిరి పట్టుకొన్నవాని ముఖము వైపునకే వచ్చును. గొలుసును క్షణములో ఆపు బ్రేకు అందుకే యున్నది. ముందరి కవచము అడ్డమని ఊడదీసి పనిచేయు వాడుక యొకటి గలదు, అట్టివానిని చెట్టెక్కనీయరాదు. కాళ్ళకు తొడుగు ప్రత్యేకపు వస్త్రములోని పొడవైన పోగులు తెగి, గొలుసు చక్రమున చిక్కి, దానిని ఆపివేయును. ఇది కొనవలసినదే. ఇంట కుట్టుకొను వస్తువు కాదు.

ఇచ్చటనే హద్దు గీయవలసి యున్నది. బండి, మట్టపుగొట్టము, వెదురు దోటి, ఇసుక నింపిన చిన్నసంచికి సన్నని దారము కట్టి కొమ్మ మీదుగా విసరు సాధనము, ఇవన్నియు ఇంట చేసికొనవచ్చును. ఇవి పాడైనచో పని ఆగును, అంతే. మనిషిని మోయు త్రాడు, నడికట్టు, కొక్కెము అట్టివి కావు. నూతి చేదకు వాడిన త్రాడు, లారీ సామానుకు కట్టిన పట్టీ చూచుటకు గట్టిగానే యుండును. దానిలో ఎండ తిన్నదెంతయో, నూనె త్రాగినదెంతయో కంటికి తెలియదు. ముడులు నేర్చుకొనవచ్చును. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో ప్రకటించిన ముడి బరువు పడినప్పుడు బిగియును, బరువు తీసినచో జరుగును. చెట్టెక్కువారు నేడు వాడు ముడులు పెక్కు దాని జ్ఞాతులే. కోయునప్పుడు రెండు చోట్ల కట్టుకొనవలెను. ఒకటి తన రంపమునకే తెగిపోవచ్చును.

తెలుగునాట ఈ విద్య క్రొత్తదా? కాదు. కల్లుగీత పనివాని మోకును చూడుడు. తాటిమ్రానును, తన నడుమును కలిపి చుట్టిన ఆ మోకు మీద వెనుకకు వాలి, కాళ్ళకు బంధము వేసికొని, మోకును ఎగవేయుచు అడుగడుగున పైకి పోవును. పాశ్చాత్యులు నేడు దుకాణములలో కొను నడుమువారు సూత్రమున ఇదియే. కాని మోకు కొమ్మలు లేని తాటికి, ఈతకు పుట్టినది. వేపచెట్టున మొదటి కొమ్మవద్దనే ఆగిపోవును. వేరొక లోపమును గలదు. కాలు పట్టు తప్పినప్పుడు మోకు జారును, ఆపదు. ఈ కారణముననే గీత పనిలో పడి మరణించినవారు, నడుము విరిగి మంచమున పడినవారు పల్లెపల్లెన గలరు. తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో కాటమయ్య రక్షణ కవచము అను పేర గీత కార్మికులకు రక్షణ సామగ్రి పంపిణీ నారంభించెను. తాతలనాటి మోకు ఉండగా ఇది యేల యని ముసలివారు కొందరు అనవచ్చును. ఆ తాతలలో ఎందరు పడిరో లెక్క వ్రాసినవారు లేరు. కేరళలో అప్పచ్చన్ అను పేర ప్రసిద్ధుడైన ఎం. జె. జోసెఫ్ కాలితో నొక్కుచు కొబ్బరిచెట్టెక్కు సాధనమును స్వయముగా కనిపెట్టెను. కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో యంత్రసహాయముతో చెట్టెక్కుటలో శిక్షణ ప్రారంభించగా స్త్రీలును నేర్చుకొనిరి.

ఒక్కడే వ్యాపారము నడుపువాడు లెక్కలపుస్తకమున ఒంటరి కావచ్చును. చెట్టుమీద నున్నప్పుడు మాత్రము క్రింద ఒకరుండవలెను. స్పృహతప్పి నడికట్టున వ్రేలాడు మనిషిని త్రాడు రక్షింపదు, మనిషియే రక్షింపవలెను. కావున పని చేయించుకొనువారు బేరములోనే రెండవ మనిషి కూలి కలుపుట న్యాయము. తడిసిన వెదురుగడ విద్యుత్తును ప్రవహింపజేయును. ఆవరణ ప్రక్క తీగెలున్నచో ముందుగా విద్యుత్ సంస్థవారికి తెలుపవలెను. ఢిల్లీలో 1994 నాటి వృక్ష సంరక్షణ చట్టము క్రింద చెట్టు కొట్టుటకు వృక్షాధికారి అనుమతి గావలెను. తెలుగునాట 2002 నాటి నీరు, భూమి, వృక్ష సంరక్షణ చట్టము గలదు. అనుమతి పత్రము లేక పట్టుబడినప్పుడు మొదట చిక్కువాడు సైకిలువాడే యని మరువరాదు.

పదును సంగతి మిగిలినది. వీధులలో సైకిలు త్రొక్కుచు సానరాయి త్రిప్పువాడు గొడ్డలికి, కొడవలికి చాలును. గొలుసురంపపు పళ్ళకు గుండ్రని ఆకురాయి గావలెను. ప్రతి పంటికి సమానముగా, ఒకే కోణమున, వెలుపలివైపునకే రుద్దవలెను. ఒక ప్రక్క ఎక్కువ రుద్దినచో కోత వంకరపోవును. ఇంధనము లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్ల రెండు స్ట్రోకుల యంత్రపు నూనె. నూనె మరచినచో యంత్రము అరగంటలో బిగిసిపోవును. పదునైన గొలుసు కొయ్యనుండి రేకులు రేకులుగా పొట్టు రాల్చును. పొట్టునకు బదులు మెత్తని పిండి రాలినచో గొలుసు మొద్దుబారినదని అర్థము. అప్పుడు చేతిబలము ఉపయోగించి నొక్కక, రంపము ఆపి, చెట్టు దిగి, ఆకురాయి తీయవలెను.