శ్రమదానం ఎవరిది?

(మాదాపూర్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సేవ గురించి మాట్లాడమని పిలిచారు. సంతోషమే, కొంచెం భయం కూడా. ఆ మాట వింటే చిన్నప్పటి నుంచి మనకు చెప్పిన సుద్దులన్నీ గుర్తొస్తాయి. ఇవ్వడం ఆడదాని స్వభావమని, అడగడం ఆమెకు తగదని. అందుకే స్వభావాల జోలికి పోకుండా ఒక ఆదివారం గురించి చెబుతాను.

ఇక్కడికి దగ్గర్లోనే ఒక కంపెనీ ఏటా ఒకరోజు సేవా కార్యక్రమం జరుపుతుంది. ఉద్యోగులు ఒకే రంగు టీషర్టులు వేసుకుని బస్తీ స్కూలుకు వెళ్లి పిల్లలకు పుస్తకాలు, సంచులు పంచుతారు. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో కంప్యూటర్‌లో ఎక్కుతుంది. సర్టిఫికెట్ కూడా ఇస్తారు. ఆ యువతీయువకుల్ని నేను తక్కువ చెయ్యడం లేదు. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీల దగ్గరికి బియ్యం మోసుకెళ్లినవాళ్లలో ఐటీ ఉద్యోగులూ ఉన్నారు.

అయితే ఆ ఆదివారం తెల్లవారకముందే స్కూలు ఆవరణ ఊడ్చింది, కార్యక్రమం అయ్యాక తిన్న ప్లేట్లు ఎత్తింది ఎవరు? అదే కంపెనీలో హౌస్‌కీపింగ్ చేసే నలుగురు ఆడవాళ్లు. వాళ్లు కంపెనీ ఉద్యోగులు కారు, కాంట్రాక్టు ఏజెన్సీ మనుషులు. అది వాళ్ల వారం సెలవు. "రేపు రావాలె" అని సూపర్‌వైజర్ ముందురోజు సాయంత్రం చెప్పాడు. వాళ్ల పేర్లు వాలంటీర్ల పట్టీలో లేవు. ఏజెన్సీ హాజరు పుస్తకంలోనూ లేవు. తెలంగాణలో ఇలాంటి పనికి ఒక పాత పేరుంది. వెట్టి.

ఈ ప్రాంతానికీ శ్రమదానానికీ చుట్టరికం కొత్తది కాదు. 1997 జనవరిలో అప్పటి ప్రభుత్వం జన్మభూమి మొదలుపెట్టింది. ఊరి పనులకు శ్రమదానం చెయ్యమంది, డ్వాక్రా మహిళల్ని కదిలించింది. మరుసటి ఏడాది నవంబరులో ఇక్కడ సైబర్ టవర్స్ ప్రారంభమైంది. పల్లె ఆడవాళ్లను ఇమ్మన్న ప్రభుత్వమే కంపెనీలకు రాయితీలిచ్చింది. దాతలన్న పేరు మాత్రం కంపెనీలకే దక్కింది. 2014 నుంచి కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. చట్టం పెట్టమన్నది పెడితే అది దానమెలా అవుతుందో నాకైతే బోధపడదు.

ఇక లెక్కల సంగతి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని స్వచ్ఛంద సేవ, శిక్షణ వంటి పనుల్లో పాల్గొన్న మగవాళ్లు 2.7 శాతం, ఆడవాళ్లు 2 శాతం. ఆడవాళ్లలో సేవాభావం తక్కువని దీని మీద ఎవరైనా వ్యాసం రాసేలోపు అదే సర్వేలో ఇంకో అంకె చూడాలి. జీతం లేని ఇంటిచాకిరీ చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే, ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెట్టారు.

ఆ నలుగురిలో ఒకావిడది పాలమూరు జిల్లా. అంజయ్య నగర్‌లో ఒక్క గది. పక్కగదిలో బాలింత ఉంది, పుట్టింటివాళ్లెవరూ రాలేదు. ఈవిడే రోజూ వండి పెట్టి డ్యూటీకి వస్తుంది. ఆదివారమొక్కటే బాలింతకూ బిడ్డకూ తీరుబడిగా నీళ్లు పోసేది. ఆ ఆదివారం పొయ్యలేదు. బస్తీకి సేవ చెయ్యడం కోసం బస్తీలో జరిగే సేవ ఆగిపోయిందన్నమాట.

నేను ఇదంతా సేవే కదా అంటే ఆమె నవ్వింది. "గదేం సేవ మేడమ్? రేపు నాకు జరమొస్తే నా పిల్లలకు బువ్వ ఎవరు పెడతరు?" (ఆమె నాకోసం కూర్చున్న రెండు గంటలకూ జీతం లేదు. నా పరిశోధనలో అవి కృతజ్ఞతల పేజీలోకి పోతాయి.)

బాలింతకు చేయలేనని ఆమె అనొచ్చు, అయినా చేస్తుంది. సూపర్‌వైజర్‌తో రానని అనలేదు, అంటే సోమవారం పని ఉండదు. ఇవ్వడానికి ఉన్న విలువంతా ఆ 'రాను' అనగలగడంలో ఉందని నాకనిపిస్తుంది. మన సంస్థల్లోనూ 'కార్యకర్త కదా' అంటూ ఎంతమంది చేత జీతం లేకుండా పని చేయిస్తున్నామో ఒకసారి చూసుకుందాం. ఆశా కార్యకర్తల్ని ప్రభుత్వం వాలంటీర్లంటే అభ్యంతరం చెప్పేది మనమే.

ఈ ఏడాది అదే కంపెనీ మళ్లీ కార్యక్రమం పెడదామని అక్కడ పనిచేసే ఒక సంస్థను అడిగింది. సంస్థలో ఉన్న అమ్మాయిలు ఊడ్చేవాళ్ల ఆదివారం కూలి ఎవరిస్తారని తిరిగి ఉత్తరం రాశారు. ఆ నలుగురికీ చదివి వినిపించాకే పంపారు. జవాబు ఇంకా రాలేదు.