మోనోక్రోటోఫాస్ డబ్బాతో జాగ్రత్త

2013 జూలైలో బీహార్ సారణ్ జిల్లాలోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో కలిసిన విషం మోనోక్రోటోఫాస్. మన పత్తి చేలలో ఏళ్ల తరబడి కొట్టిన మందే.

ఇది నరాల సంకేతాలను అదుపులో ఉంచే ఎంజైమును పనిచేయనివ్వదు. చొంగ కారుతుంది, చెమటలు పోస్తాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది, ఊపిరి అందదు. మింగితేనే ప్రమాదమనుకుంటారు చాలామంది. చర్మం గుండా కూడా ఒంట్లోకి ఎక్కుతుంది. అసలు భయం మందు కలిపేటప్పుడే, అప్పుడది నీళ్లు కలవని చిక్కటి విషం. చేత్తో కలపడం, నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదడం ఇకనైనా మానండి. ముక్కుకు గుడ్డ కడతారు గానీ, చేతి తొడుగుల ఊసే ఎత్తరు!

ఒంటిమీద పడితే బట్టలు విప్పేసి, సబ్బుతో బాగా కడగండి. మింగితే బలవంతంగా కక్కించొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. లేబులున్న డబ్బా వెంట తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తే డాక్టరు విరుగుడు మందు అట్రోపిన్ ఇవ్వడానికి ఆలస్యం ఉండదు.

2023లో కేంద్రం మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణంపై నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. పాత డబ్బా కొట్టంలో ఉంటే కాలువలో పారబోయకండి, వ్యవసాయాధికారిని అడగండి. ఖాళీదైతే చిల్లులు పొడవండి, లేకపోతే రేపు ఎవరో అందులో నూనె పోస్తారు.