చేపాకంలో మరుగునపడిన మనవారు

(సంఘ మాస సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద ఇంతకుముందు మాట్లాడినవారందరూ పండితులు, ప్లీడర్లు, డాక్టర్లు. నేను పదోతరగతి ప్యాసై, రైల్వే పార్సెలు ఆఫీసులో రశీదులు రాసుకొనే గుమాస్తాను. కార్యదర్శిగారు పట్టుబట్టినప్పుడు నాకు తెలిసిన విషయాలు రెండే అని మనవి చేశాను. ఒకటి పార్సెళ్ళు, రెండవది క్రికెట్టు. పార్సెళ్ళ గోడు పండుగ సంచికకు తగదు గనుక క్రికెట్టే మిగిలింది. స్కోర్లు చదివి పోవడానికి మాత్రం రాలేదు. నాకొక అర్జీ ఉన్నది. అది చివర మనవి చేస్తాను.

మా పెద్దవాడికి తొమ్మిదేళ్ళు. మా క్వార్టర్ల వెనుక మైదానంలో రోజూ సాయంత్రం ఆడుకొంటాడు. మొన్న సంక్రాంతి సెలవుల్లో నేను డ్యూటీ దిగి వస్తూ, "ఒరేయ్ నాన్నా, చీకటి పడుతున్నది, ఇంటికి రా" అని కేకేశాను. వాడు వినిపించుకోలేదు. ఇంటికి వచ్చిన తరువాత మెల్లగా అన్నాడు గదా, "నాన్నా, అక్కడికి వచ్చి నన్ను తెలుగులో పిలవకు" అని. ఎందుకురా అంటే నోరు విప్పడు. వాళ్ళమ్మ బుజ్జగిస్తే చెప్పాడు. బంతి వదిలేసినప్పుడల్లా తోటి పిల్లలు వాణ్ణి "గొల్టి" అంటారట. ఆ మాట ఈ ఊళ్ళో మనమందరమూ విన్నదే. తెలుగు అనే మాటను తిరగవేసి చేసినదంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో విన్నాను, నవ్వి ఊరుకొన్నాను. నా కొడుకు విన్నాడంటే నవ్వు రాలేదు.

ఆ రాత్రి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని సి.కె. నాయుడుగారి కథ ఎత్తుకొన్నాను. 1932లో లార్డ్సులో మన దేశం ఆడిన మొట్టమొదటి టెస్టుకు కెప్టెను తెలుగువాడేరా అని గర్వంగా చెప్పాను. వాడు అంతా విని, "ఆయన పుట్టింది నాగపూరు, ఆడింది ఇండోరు గదా నాన్నా. మన ఊరి జట్టులో ఎవరున్నారు?" అన్నాడు. పిల్లవాడి ప్రశ్న న్యాయమైనదే. సి.కె. గారు 1953-54లో ఆంధ్ర జట్టుకు ఆడారు గాని, మన ఊరి జట్టు మనిషి కారు. అప్పటినుంచి దొరికిన పుస్తకమల్లా తిరగవేశాను. దొరికినవారిని చూసి నాకే ఆశ్చర్యం వేసింది. ఇన్నాళ్ళూ వీరి పేర్లు తెలియకుండానే చేపాకంలో టిక్కెట్టు కొని కూర్చొన్నాను గదా అని సిగ్గు కూడ వేసింది.

మొదటివారు బుచ్చిబాబు నాయుడుగారు. మోతవరపువారు, మైలాపూరు లజ్ ప్రాంతంలో కలిగిన కుటుంబం. ఆ రోజుల్లో చేపాకంలో ఆట దొరలది. మదరాసు క్రికెట్ క్లబ్బు 1846లో పుట్టింది. అందులో మనవాళ్ళకు సభ్యత్వం లేదు. ఆడడానికి పిలిచినా భోజనవేళకు పెవిలియనులోకి రానిచ్చేవారు కారనీ, మనవాళ్ళు చెట్లకింద కూర్చుని తినేవారనీ చెబుతారు. బుచ్చిబాబుగారు ఆ గుమ్మంముందు పడిగాపులు పడలేదు. 1888లో మదరాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, మనవాళ్ళు ఆడుకొనేందుకు చోటు చేశారు. అరవవాడా, తెలుగువాడా అని అక్కడ అడిగినవారు లేరు. ఈ సంగతి దయచేసి గుర్తుంచుకోండి, నాకు మళ్ళీ పనికి వస్తుంది.

తరువాత దొరల జట్టుకూ, దేశీయుల జట్టుకూ పోటీ పెట్టించాలని ఆయన పట్టుదల. 1908లో అది కుదిరింది. కుదిరిన తరువాత, ఆట కొద్ది రోజులుందనగా ఆయన కాలం చేశారు. నలభై ఏళ్ళు. ఆట మాత్రం జరిగింది. కొన్నేళ్ళకు అదే ప్రెసిడెన్సీ మాచి అనే పేర ఏటేటా సంక్రాంతికి ఊరంతా కదలివచ్చే తిరునాళ్ళయింది. బుచ్చిబాబు పేరిట పోటీలు ఈ ఊళ్ళో ఇప్పటికీ జరుగుతున్నవి. నడుమ కొన్నేళ్ళు ఆగి, 2023లో మళ్ళీ మొదలైనవి. పత్రికలో ఆ పేరు చూసి, ఎవరో కంపెనీ యజమాని కాబోలు అని నేనే అనుకొన్నాను. మీలో ఎందరు నాలాగే అనుకొన్నారో చేతులెత్తమని అడగను.

ఆయన కుమారులలో బాలయ్యగారూ, రామస్వామిగారూ మదరాసుకు ఆడారు. రామస్వామిగారిని తాతగారింటికి దత్తు ఇచ్చారు గనుక ఇంటిపేరు కోట అయినది. తండ్రి పోయేనాటికి ఆయనకు పన్నెండేళ్ళు. ఎడమచేతి బ్యాటు. కేంబ్రిడ్జిలో చదువుతూ 1922లో మన దేశం తరఫున డేవిస్ కప్పు టెన్నిసు ఆడారు. తిరిగి వచ్చి వ్యవసాయశాఖలో ఉద్యోగం. నలభై నిండిన తరువాత, 1936లో, మాంచెస్టరులో మొదటి టెస్టు! ఆ వయస్సుకు మనం మోకాళ్ళకు తైలం రాయించుకొంటున్నాం. ఆ టెస్టులో మర్చంటు, ముస్తాక్ అలీ కలిసి మొదటి వికెట్టుకు 203 పరుగులు చేశారు. లోకమంతా ఆ 203నే చెప్పుకొన్నది, చెప్పుకోవలసిందే. అదే ఆటలో రామస్వామిగారు 40, 60 చేశారు. తరువాత ఓవల్లో 29, అవుట్ కాకుండ 41. అంతటితో సరి. రెండు టెస్టులు, 170 పరుగులు, సగటు 56కు పైన. మళ్ళీ టెస్టుకు పిలుపు లేదు. 1985 అక్టోబరులో, ఎనభై తొమ్మిదేళ్ళ వయస్సులో, ఆయన ఈ ఊళ్ళో ఇల్లు విడిచి బయటికి వెళ్ళారు. తిరిగి రాలేదు. ఏమయ్యారో ఎవ్వరికీ తెలియలేదు. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ 1936 ప్రయాణం సంగతి ఇంకొంచెం చెప్పాలి. అదే ఓడలో మదరాసునుంచి ఎం.జె. గోపాలన్‌గారు కూడ వెళ్ళారు. 1934లో రంజీ పోటీలు పుట్టినప్పుడు, చేపాకంలో మొట్టమొదటి బంతి వేసిన చెయ్యి ఆయనది. హాకీలోనూ అంతటి ఆటగాడు. ఆ ఏడే బెర్లిన్‌లో ఒలింపిక్సు. ఆయన హాకీని వదులుకొని క్రికెట్టు ఓడ ఎక్కారు. ఇంగ్లండులో ఒక్క టెస్టు ఆడనివ్వలేదు. అక్కడ ధ్యాన్‌చంద్ జట్టు బంగారు పతకం తెచ్చింది. జీవితమంతటికీ ఆయన ఆడిన టెస్టు 1934లో కలకత్తాలో ఆడిన ఒక్కటే.

ఇక ఓడ ఎక్కనేలేని మూడో మనిషి ఎ.జి. రామ్ సింగ్‌గారు. ఆ మొదటి రంజీ ఆట, 1934 నవంబరు 4న, మైసూరుతో. మైసూరు 48కి, మళ్ళీ 59కి కూలింది. మదరాసు 130. ఒక్క రోజులో ఆట ముగిసింది. రామ్ సింగ్‌గారు 35 పరుగులిచ్చి 11 వికెట్లు తీశారు. బ్యాటు పట్టుకొన్నా అంతే మొనగాడు. అనధికార టెస్టులు ఆడారు గాని, అసలు టెస్టు ఒక్కటీ ఆడలేదు. 1936లోనూ తీసుకుపోలేదు, 1946లోనూ తీసుకుపోలేదు. ఆయన బాకీ కొడుకులు తీర్చారు. కృపాల్ సింగ్, మిల్ఖా సింగ్ ఇద్దరూ టెస్టులు ఆడారు. కృపాల్ 1955లో మన హైదరాబాదులోనే న్యూజీలాండుమీద తొలి టెస్టులో అవుట్ కాకుండ నూరు కొట్టాడు. 1954-55లో మదరాసు మొదటిసారి రంజీ కప్పు గెలిచింది. ఆఖరి ఆటలో ఓడింది ఎవరనుకొన్నారు? సి.కె. గారి పాత జట్టు హోల్కరు, అదీ ఇండోరులో, 46 పరుగుల తేడాతో. ఆ ఆటలో కృపాల్ 75, 91 చేశాడు. ఆనాడు ఈ ఊరి తెలుగువారు ఎవరిపక్షం వహించేవారో మీరే ఆలోచించండి.

ఈ ప్రసంగం రాసుకొని ఒక పెద్దాయనకు చూపిస్తే, "అన్నీ బాగున్నవి గాని, తెలుగు సంఘంలో ఈ సర్దార్‌జీ గొడవ ఎందుకయ్యా?" అన్నారు. ఆయనకు నేను చెప్పిన జవాబు మీకూ చెబుతాను. రామ్ సింగ్‌గారు పుట్టింది ఈ ఊళ్ళో. పేరు ముందున్న ఎ. అంటే అమృతసరు. ఇక్కడివారు ఊరిపేరును పొడి అక్షరం చేసి ముందు పెట్టుకొన్నట్లే పెట్టుకొన్నారు. వేరే సీమనుంచి వచ్చి ఈ ఊరికి తన చెయ్యి అరగదీసిన కుటుంబం. మన కథకూ దానికీ తేడా తలపాగా ఒక్కటే.

అదే 1936 జట్టుకు కెప్టెను మన విజయనగరం మహారాజకుమారుడు. పుట్టుక చూస్తే తెలుగుదేశంవాడే. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్సులాడి 33 పరుగులు చేశారు. అంతటి ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను మధ్యలో ఇంటికి పంపించారు. మనవాడని చెప్పుకోవడానికి ఆయనకన్న నాకు రామ్ సింగ్‌గారే నయమనిపిస్తుంది. పెద్దాయన దీనికి కోప్పడ్డారు. మీలోనూ కొందరికి కోపం రావచ్చు, క్షమించండి.

తరువాతివారిని గబగబా చెప్పేస్తాను, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. వి.వి. కుమార్‌గారు 1961లో ఢిల్లీలో పాకిస్తానుమీద మొదటి టెస్టులోనే 64 పరుగులకు 5 వికెట్లు తీశారు. పెద్ద ఆటలన్నిటా కలిపి 599 వికెట్లు. ఆడిన టెస్టులు రెండు. వాసుదేవన్‌గారు కెప్టెనుగా 1987-88లో తమిళనాడుకు రెండవ కప్పు తెచ్చారు, భారత జట్టు గడప తొక్కలేదు. ఆ ఆఖరి ఆటలో చేపాకంలో చిత్తుగా ఓడింది మా రైల్వే జట్టే. ఉప్పు తిన్నవాణ్ణి, వివరాలు చెప్పలేను. ఇక భరత్ రెడ్డిగారు, ఈ ఊళ్ళోనే పుట్టిన వికెట్ కీపరు. 1979లో ఓవల్లో గవాస్కరు 221 కొట్టిన ఆట అందరికీ జ్ఞాపకమే. 438 కావలసి ఉండగా 429 దగ్గర ఆట ముగిసింది. అప్పుడు క్రీజులో నిలబడి ఉన్న ఇద్దరిలో ఒకరు ఆయన. అదే ఆయన నాలుగో టెస్టు, ఆఖరి టెస్టు కూడ.

ఇవన్నీ మా వాడికి రోజుకొక్కటిగా చెప్పాను. వాడేం చేశాడంటే, మైదానానికి పోయి బుచ్చిబాబు కథ ఆ పిల్లలకే అరవంలో చెప్పాడు. వాణ్ణి ఎక్కువగా ఏడిపించే కుర్రవాడు ఒకడున్నాడు, మా పక్క బ్లాకులో గ్యాంగుమన్ కొడుకు. వాడు ఇంటికి వచ్చి, "అంకుల్, చెట్టుకింద కూర్చోబెట్టింది నిజమా?" అని నన్ను అడిగాడు. నిజమే అంటారు నాయనా అన్నాను. కాసేపు నిలబడి, మా ఆవిడ ఇచ్చిన జంతికలు తిని వెళ్ళాడు. మర్నాటినుంచి ఏడిపించడం పూర్తిగా మానాడని అనను. తగ్గించాడు.

ఇప్పుడు నా అర్జీ. ఉగాది తరువాతి ఆదివారం మన సంఘం పిల్లల క్రికెట్టు పోటీ ఉన్నది. నోటీసులో రెండవ నిబంధన, తెలుగు కుటుంబాల పిల్లలు మాత్రమే ఆడవలెను అని. ఆ గ్యాంగుమన్ కొడుకు ఎడమచేత్తో చక్కగా బంతి వేస్తాడు. మా వాడి జట్టులో ఆడతానని అడిగాడు. నిబంధన సంగతి మా వాడు వాడికి ఇంకా చెప్పలేదు, నన్ను కనుక్కొని రమ్మన్నాడు. కార్యవర్గం వారు ఈ రాత్రే ఆ నిబంధన సంగతి తేలిస్తే నేను ఇంటికి వెళ్ళి వాడికి జవాబు చెప్పగలను. జట్టులో ఇంకా రెండు ఖాళీలున్నవి.