విరిగిన ఫ్రేము - అతికించాలా, మార్చాలా?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలిచ్చేవాణ్ణి కాదు. నలభయ్యేళ్ళకు పైగా సైకిలు షాపులో గోనెపట్టా మీద కూర్చొని పని చేసినవాణ్ణి. కార్యదర్శి గారు షాపుకు వచ్చి "భాయ్, ఈ సంగతి మీరే తేల్చాలి" అన్నారు గనుక నిలబడ్డాను. మాటలో తప్పులుంటే మన్నించండి.

సంగతి మీలో చాలామందికి తెలిసిందే. రెండేళ్ళ క్రితం మన సంఘం జకాత్ నిధి నుంచి ఒక తండ్రిలేని పిల్లవాడికి సైకిలు కొనిచ్చింది. సెకండ్‌హ్యాండుదే. వాడు తెల్లవారుజామున పేపర్లు వేసి, తర్వాత కాలేజీకి పోతాడు. ఆ సైకిలు ఫ్రేము ఇప్పుడు విరిగింది. కార్యవర్గంలో రెండు మాటలు వచ్చాయట. "వెల్డింగు పెట్టిస్తే పోయేదానికి నిధి సొమ్ము ఎందుకు ఖర్చు చెయ్యాలి" అని కొందరు, "పాతది పారేసి కొత్త సైకిలే ఇప్పిద్దాం" అని మరికొందరు. ఇరువురూ మంచి మనసుతోనే అన్నారు, సందేహం లేదు. కాని ఇరువురిలో ఒక్కరూ ఆ సైకిలును చూడలేదు!

ముందుగా ఫ్రేము అంటే ఏమిటో చెప్పనివ్వండి. మన మామూలు నల్ల సైకిలు ఫ్రేము ఇనుప గొట్టాలతో చేసింది. గొట్టం మందం రెండు మిల్లీమీటర్లు కూడా వుండదు. గొట్టాలు కలిసే మూలల్లో లగ్గులని ఇనుప తొడుగులుంటాయి. గొట్టాన్ని లగ్గులోకి దూర్చి, ఎర్రగా కాల్చి, ఇత్తడి కరిగించి సందులోకి పారిస్తారు. ఇత్తడి కరిగే వేడికి ఇనుము కరగదు గనుక గొట్టం చెడకుండా అతుకు కూర్చుంటుంది. ఇంత పల్చటి గొట్టానికి కరెంటు వెల్డింగు పెడితే సంగతి వేరు. అక్కడ ఇనుమే కరగాలి. చెయ్యి కాస్త తప్పితే గొట్టానికి చిల్లు పడుతుంది. చిల్లు పడకపోయినా, అతుకు పక్కనున్న ఇనుము అంత వేడికి గుణం మారి, కొన్నాళ్ళకు అతుకు అంచు వెంబడి మళ్ళీ చీలుతుంది. పుత్తూరు కట్టు కట్టినవాడి ఎముక తనంతట తాను పెరిగి అతుక్కుంటుంది. ఇనుముకు ఆ గుణం అల్లా ఇవ్వలేదు.

కాబట్టి ఫ్రేము విరిగిందనగానే నేనడిగే మొదటి ప్రశ్న, ఎక్కడ విరిగింది? వెనుక చక్రం ఇరుసు కూర్చునే గాడి దగ్గర, స్టాండు దగ్గర, క్యారియరు బిగించే చోట విరిగితే నిశ్చింతగా అతికించవచ్చు. లగ్గులో ఇత్తడి వదిలి, గొట్టం మాత్రం బాగుంటే శుభ్రంగా తోమి, వెలిగారం వేసి, గ్యాసు మంట మీద మళ్ళీ ఇత్తడి పారిస్తే ఏళ్ళ తరబడి నడుస్తుంది. కాని హెడ్డు దగ్గర, కింది గొట్టం పైభాగంలో చీలితే నేను అతికించను. ఎదురుగా దేన్నో గుద్దుకొని హెడ్డు వెనక గొట్టాలు ముడతపడినా అంతే. ముందు ఫోర్కు సంగతి అసలు అడగవద్దు. ఫోర్కు విరిగితే మార్చవలసిందే. వెనుక విరిగితే సైకిలు కుంటుతూ ఆగుతుంది, ముందు విరిగితే మనిషి ముఖం నేలకు తగులుతుంది.

రెండో ప్రశ్న, ఎందుకు విరిగింది? గుంటలో పడిందా, బరువెక్కువైందా, లోపల తుప్పు పట్టిందా? సీటు గొట్టంలోంచి వాన నీళ్ళు దిగి అడుగున, పెడల్ ఇరుసు దగ్గర నిలుస్తాయి. పైన రంగు నిగనిగలాడుతూ వుంటుంది, లోపల గొట్టం కాగితమై వుంటుంది. అటువంటి గొట్టానికి ఒకచోట అతుకు వేస్తే పక్కన విరుగుతుంది.

ఇక నా తప్పు ఒకటి ఈ సభలో చెప్పుకోవాలి. 1979లో నేను కుర్రవాణ్ణి, షాపు మా అబ్బాజాన్‌ది. ఆయన వూళ్ళో లేని రోజున ఒక పాలాయన వచ్చాడు. సైకిలుకు రెండు వైపులా క్యాన్లు. కింది గొట్టానికి, హెడ్డుకు బెత్తెడు దూరంలో, వెంట్రుక వాసి చీలిక. "సాయిబూ, పొద్దుటికి కావాలి, పాలు ఆగవు" అన్నాడు. నేను దాన్ని పక్కనున్న గేట్ల షాపుకు మోసుకుపోయి కరెంటు వెల్డింగు పెట్టించాను. ఆకురాయితో అరగదీసి, లప్పం పెట్టి, ఆకుపచ్చ రంగు వేశాను. మీద సన్నగా పసుపు గీత కూడా లాగాను. ఎక్కడ విరిగిందో నాకే కనపడలేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను. పాలాయనా మురిసిపోయి రెండు రూపాయలు ఎక్కువిచ్చాడు.

ఇరవై రోజులు కాలేదు, కాలవ వంతెన దిగుతుంటే నిండు క్యాన్లతో ఆ గొట్టం తెగింది. పళ్ళు రెండు పోయినయ్, మణికట్టు విరిగింది. అబ్బాజాన్ నన్ను వెంటబెట్టుకొని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆ మనిషి నన్ను తిట్టలేదు. "రంగు చూసి బాగైందనుకున్నా సాయిబూ" అన్నాడు. అంతే. ఆ మాట నాకిప్పటికీ చెవిలో వుంది.

ఆ రాత్రి అబ్బాజాన్ నాకు ఒక హదీసు చెప్పారు. దైవప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. తడిసినదాన్ని పైనే వుంచితే జనం చూసేవారు కదా అని అడిగి, మోసం చేసేవాడు మావాడు కాడన్నారు. "నువ్వు తడిమీద రంగు వేశావురా" అన్నారు అబ్బాజాన్. నేను మోసం చేద్దామనుకోలేదు, నిజమే. కాని అందంగా చేద్దామనుకున్నాను, చెప్పకుండా వూరుకున్నాను. ఆనాటి నుంచి మా షాపులో ఒక పద్ధతి. అతికించిన చోట పదిహేను రోజులపాటు రంగు వెయ్యము. గ్రీజు రాసి పంపిస్తాము. "ఇక్కడ అతుకు వుంది, రోజూ చూసుకో, గీత కనపడితే ఎక్కవద్దు" అని చెప్పి పంపిస్తాము. పదిహేను రోజులు గడిచి, మేము చూసిన తర్వాతే రంగు.

అతికించటం చిన్నతనమని నేననను. ప్రవక్తవారు (స) తమ చెప్పులు తామే బాగుచేసుకొనేవారని, బట్టలు తామే కుట్టుకొనేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పిన సంగతి మన ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు. బాగయ్యేదాన్ని పారెయ్యటం దుబారా. అందుకే కొత్త సైకిలు కొందామన్న సోదరులతోనూ నేను ఏకీభవించలేను. చక్రాలు, చైను, హ్యాండిలు, సీటు అన్నీ బాగున్న సైకిలును ఒక్క గొట్టం కోసం పాత ఇనుముకు వెయ్యటం ఎందుకు? ఫ్రేము విడిగా దొరుకుతుంది. 22 అంగుళాలదా, 24 అంగుళాలదా అని కొలత సరిచూసుకొని తెచ్చుకుంటే, పాత సామానంతా ఒక్క రోజులో దానికి ఎక్కించవచ్చు. ఎక్కించేముందు ఒక దారం తీసుకొని వెనుక గాడి నుంచి హెడ్డు చుట్టూ తిప్పి రెండో గాడికి కట్టండి. దారానికీ సీటు గొట్టానికీ మధ్య దూరం రెండు వైపులా సమానంగా వుంటే ఫ్రేము సొట్ట లేనట్టు.

గేర్ల సైకిళ్ళు కొన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక్క మాట. అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే బహుశా అల్యూమినియం. దాన్ని వీధి వెల్డింగుకు ఇవ్వవద్దు. కాల్చి చల్లార్చి దానికి తెచ్చిన గట్టిదనం ఆ వేడికి పోతుంది. విరిగితే మార్చండి.

ఇప్పుడు ఆ అబ్బాయి సైకిలు. మొన్న షాపుకు తెప్పించి, విరిగిన చోటు చుట్టూ తుడిచి కిరసనాయిలు పూశాను. కాసేపాగి పొడిగుడ్డతో తుడిచి సుద్ద రాశాను. చీలికలో ఇంకిన కిరసనాయిలు సుద్ద మీదికి తడిగీతగా వస్తుంది. రెండు గీతలు వచ్చాయి. రంగు గీకి చూస్తే కింద పాత కరెంటు వెల్డింగు, దానిమీద లప్పం. కింది గొట్టమే, హెడ్డు దగ్గరే. అంటే మనం కొనేటప్పటికే అది అతుకుల సైకిలు. అమ్మినవాళ్ళు చెప్పలేదు, కొన్నవాళ్ళం చూడలేదు. అతికించి ఇద్దామన్న సోదరులారా, ఒకసారి అతికించినదే మళ్ళీ విరిగింది.

ఇంకో సంగతి. మన హనఫీ ఫిఖ్ ప్రకారం జకాత్ ఇచ్చామంటే తీసుకున్నవారిని సొంతదారు చేసినట్టే. ఆ సైకిలు సంఘానిది కాదు, ఆ అబ్బాయిది. మన చర్చలో వాళ్ళమ్మను ఎవరూ అడగలేదు. నేను వెళ్ళి రెండు దారులూ చెప్పాను. ఆమె అంతా విని, "మీ అబ్బాయినైతే దానిమీద ఎక్కిస్తారా భయ్యా?" అని అడిగింది. ఎక్కించనని చెప్పాను. "అయితే ఫ్రేము మార్పించండి" అంది.

కనుక కార్యవర్గం వారికి నా మనవి, ఫ్రేము ఒక్కటి కొనివ్వండి. ఫోర్కు చూశాను, బాగుంది. బిగించే కూలి నాకు వద్దు. పాత ఫ్రేమును మరెవరూ లప్పం పెట్టి అమ్మకుండా హెడ్డు దగ్గర రంపంతో రెండు ముక్కలుగా కోసి పాత ఇనుముకు వేస్తాను. వచ్చిన డబ్బు ఆ అబ్బాయిది, వాడి చేతికే ఇస్తాను. కోసేముందు ఆ వెల్డింగు చూడదలచుకున్నవారు ఆదివారం అసర్ నమాజు తర్వాత షాపుకు రండి, సుద్ద గీతలు చెరపకుండా వుంచాను.

వస్సలాం.