జాబితాలో పేరు కొట్టేస్తే నేల బాగుపడినట్టేనా?

(సంఘం కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, ఎరువులు, పంట రుణాల గురించి మాట్లాడుకోవాల్సిన తరగతుల్లో అమెరికా చట్టం ఒకటి ఎందుకు పెట్టారని పొద్దున కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఫ్యాక్టరీల విషం పారిన నేలలను అక్కడి ప్రభుత్వం ఒక జాబితాలో పెడుతుంది. శుద్ధి చేశాక జాబితాలోంచి తీసేస్తుంది. మన దగ్గరా కలుషిత ప్రాంతాల జాబితాలున్నాయి, పేర్లు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. అయితే పేరు దిగడానికి అక్కడ జరగాల్సిందేమిటి, ఇక్కడ జరిగిందేమిటి అన్నది పక్కపక్కన పెట్టి చూస్తే, రేపు మన మండలంలో ఏ అధికారి అయినా వచ్చి 'ఇక్కడ కాలుష్యం లేదు' అని కాగితం చూపించినప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. అందుకే ఈ అంశం పెట్టాం.

న్యూయార్క్ రాష్ట్రంలో నయాగరా జలపాతం దగ్గర లవ్ కెనాల్ అని ఒక పాత కాలువ ఉంది. తవ్వడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన కాలువ. హుకర్ అనే రసాయనాల కంపెనీ 1942 నుంచి 1953 దాకా అందులో సుమారు 21 వేల టన్నుల వ్యర్థాలు పోసి, పైన మట్టి కప్పింది. తర్వాత ఆ స్థలాన్ని స్కూలు బోర్డుకు ఒక్క డాలరుకు అమ్మింది. దాని మీద బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. 1970ల చివరికి ఇళ్ల నేలమాళిగల్లోకి రసాయనాలు ఊరడం మొదలైంది. లోయిస్ గిబ్స్ అనే గృహిణి, తన బిడ్డ చదివే బడి కింద ఏముందో తెలుసుకుని, ఇంటింటికీ తిరిగి జబ్బుల లెక్క రాసి, కాలనీవాసులతో సంఘం పెట్టింది. రెండేళ్లు పోరాడాక సుమారు 900 కుటుంబాలను ప్రభుత్వం అక్కణ్ణుంచి తరలించాల్సి వచ్చింది. ఆ ఉద్యమ ఫలితంగానే 1980 డిసెంబరులో ఒక చట్టం వచ్చింది. దాన్నే అందరూ సూపర్‌ఫండ్ అంటారు.

చట్టం సారం ఇది. విషం పోసినవాడే శుద్ధి ఖర్చు భరించాలి. పోసిన నాటికి అది చట్టవిరుద్ధం కాకపోయినా సరే, బాధ్యత తప్పదు. లవ్ కెనాల్ విషయంలో హుకర్‌ను కొనుక్కున్న ఆక్సిడెంటల్ కంపెనీ 1995లో కేంద్ర ప్రభుత్వానికి 12 కోట్ల 90 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. పోసినవాడు దొరక్కపోతే, దివాలా తీస్తే, రసాయనాలు, పెట్రోలియం కంపెనీల మీద వేసిన పన్నుతో పోగైన నిధి నుంచి ఖర్చు చేస్తారు. (ఆ పన్ను 1995లో ఆగిపోయింది. నిధి కరిగిపోయి, భారం మామూలు పన్ను చెల్లింపుదారుల మీద పడింది. 2021లో వచ్చిన చట్టంతో గానీ పన్ను మళ్లీ రాలేదు. కంపెనీల పలుకుబడి ఏ దేశంలోనైనా ఒకటే మరి!)

దేశంలో ఇలాంటి స్థలాలు వేలల్లో ఉంటే ముందు దేన్ని పట్టుకోవాలి? అందుకోసం మార్కులు వేస్తారు. భూగర్భజలం, వాగులు, మట్టి, గాలి... ఏ దారిలో విషం మనుషుల దాకా వస్తోందో లెక్కగట్టి 28.5 మార్కులు దాటితే జాతీయ ప్రాధాన్యతా జాబితాకు అర్హత వస్తుంది. 1983 సెప్టెంబరులో మొదటి జాబితా 406 స్థలాలతో వచ్చింది. ఇప్పుడు సుమారు 1,300 ఉన్నాయి. ఈ నలభై ఏళ్లలో పూర్తిగా తొలగించినవి 450 పైచిలుకు.

పేరు ఎలా తీస్తారో వినండి, ఇదే మనకు కావాల్సింది. తలపెట్టిన శుద్ధి పనులన్నీ పూర్తి కావాలి. మట్టి, నీరు ముందే నిర్ణయించిన స్థాయికి వచ్చినట్టు పరీక్షల్లో తేలాలి. పర్యావరణ సంస్థ ఒక్కటే అనుకుంటే చాలదు, ఆ రాష్ట్ర ప్రభుత్వం కూడా ఒప్పుకోవాలి. ఆ తర్వాత 'ఈ పేరు తీసేయబోతున్నాం' అని కేంద్ర గెజిట్‌లోనూ, స్థానిక పత్రికలోనూ ప్రకటన వేయాలి. కాగితాలన్నీ జనం చూసుకునేలా ఆ ఊళ్లోనే అందుబాటులో ఉంచాలి. 30 రోజులు అభ్యంతరాలు తీసుకోవాలి. వచ్చిన ముఖ్యమైన అభ్యంతరాలకు రాతపూర్వకంగా జవాబివ్వాలి. అప్పుడే తుది ప్రకటన. ఇంకొకటి ఉంది, అది మమ్మల్ని బాగా ఆకట్టుకుంది: ఆ సాంకేతిక కాగితాలు మామూలు జనానికి అర్థం కావు కాబట్టి, తమ తరఫున ఒక నిపుణుణ్ణి పెట్టుకోవడానికి ఊరి సంఘాలకు 50 వేల డాలర్ల దాకా గ్రాంటు ఇచ్చే ఏర్పాటు 1986 సవరణతో వచ్చింది. కంపెనీకి ఇంజనీరు ఉన్నట్టే ఊరికీ ఒకడు ఉండాలన్నమాట.

తీసేశాక కూడా కథ అయిపోదు. లోపల వ్యర్థం మిగిలి ఉంటే, అంటే ఆ నేలను ఏ పనికైనా వాడుకోలేని స్థితి ఉంటే, ఐదేళ్లకోసారి తనిఖీ చేసి నివేదిక ఇవ్వాలి. మళ్లీ విషం తేలితే నిధి నుంచి మళ్లీ ఖర్చు పెట్టొచ్చు. మార్కుల లెక్క కొత్తగా వేయనక్కర్లేకుండానే తిరిగి జాబితాలో ఎక్కించొచ్చు.

కాగితం మీది నిబంధన నేల మీద ఎలా ఉందో ఒక ఊరి సంగతి చూద్దాం. మిస్సోరీ రాష్ట్రంలో సెయింట్ లూయిస్ దగ్గర టైమ్స్ బీచ్ అని రెండు వేల జనాభా గల ఊరుండేది. మట్టి రోడ్లు. దుమ్ము లేవకుండా 1970ల్లో ఒక కాంట్రాక్టరుతో వాడేసిన నూనె చల్లించారు. ఆ నూనెలో అతను ఒక రసాయన ఫ్యాక్టరీ వ్యర్థం కలిపాడు. అందులో డయాక్సిన్ ఉంది, చాలా కొద్ది మోతాదులోనే ప్రమాదకరమైన విషం. నిజానికి ముందే హెచ్చరిక వచ్చింది. అదే మనిషి 1971లో వేరేచోట గుర్రాల శాలలో నూనె చల్లితే పిట్టలు రాలిపడ్డాయి, పదుల సంఖ్యలో గుర్రాలు చచ్చిపోయాయి. పశువులున్న మనకు ఈ విషయం వేరే చెప్పనక్కర్లేదు. నీళ్లు చెడిపోయిన సంగతి అధికారి కంటే ముందు గొడ్డుకే తెలుస్తుంది. 1982 డిసెంబరులో ఊరికి వరద వచ్చింది. అదే సమయంలో పరీక్షల ఫలితాలూ వచ్చాయి. 1983లో ప్రభుత్వం ఊరు ఊరంతా కొనేసి ఖాళీ చేయించింది. 1996, 1997ల్లో అక్కడే కొలిమి కట్టి, ఆ ఊరిదీ, చుట్టుపక్కల మరో 26 చోట్లదీ కలిపి 2 లక్షల 65 వేల టన్నుల మట్టి, శిథిలాలు కాల్చారు. 1999లో అక్కడ పార్కు తెరిచారు. 2001 సెప్టెంబరులో జాబితా నుంచి పేరు తీశారు. 2012లో మళ్లీ మట్టి తీసి పరీక్షించి, పార్కుకు వచ్చేవారికి ప్రమాదం లేదన్నారు.

వరస చూడండి: ముందు కాల్చారు, తర్వాత తెరిచారు, ఆ తర్వాతే పేరు తీశారు, పదకొండేళ్లకు మళ్లీ పరీక్షించారు. అయితే ఇందులో రైతులు గమనించాల్సిన ఇంకో మాట ఉంది. శుద్ధి చేసింది పార్కు కోసం. అక్కడ ఇళ్లు లేవు, పంట లేదు, ఊరు తిరిగి రాలేదు. లవ్ కెనాల్‌నూ 2004 సెప్టెంబరులో జాబితా నుంచి తీసేశారు. కానీ వ్యర్థం ఇంకా ఆ భూమిలోనే ఉంది. 40 ఎకరాల మీద బంకమట్టి, ప్లాస్టిక్ పొర కప్పి, చుట్టూ కంచె వేసి, అడుగున ఊరే విషపునీటిని తోడి శుద్ధి చేస్తూనే ఉన్నారు. పక్క కాలనీలో కొంత భాగంలో జనం మళ్లీ కాపురాలు పెట్టారు, కొంత భాగం ఇళ్లకు పనికిరాదన్నారు. 2011లో అక్కడ మురుగు పైపుల పనిలో రసాయనాలు బయటపడ్డాక, అవి పాత కాలువవేనంటూ నివాసులు కోర్టుకెక్కారు. ప్రభుత్వ సంస్థ మాత్రం కప్పు గట్టిగానే ఉందంటోంది.

కాబట్టి 'శుద్ధి అయింది' అంటే మనం వెంటనే అడగాల్సింది: దేనికి శుద్ధి అయింది? గోదాము కట్టడానికా, పార్కుకా, ఇంటికా, వరి నాటడానికా? ఒక్కోదానికి ఒక్కో కొలత. ఫ్యాక్టరీ షెడ్డుకు సరిపోయే మట్టి మన పొలానికి సరిపోదు. పైరు వేరుతో తాగుతుంది, గడ్డి పశువు తింటుంది, పాలు పిల్లలు తాగుతారు.

అమెరికాలో అంతా బాగుందని మేం చెప్పడం లేదు. అక్కడా అంకెల పిచ్చి ఉంది. తొలగింపులు మరీ నత్తనడకగా ఉన్నాయని విమర్శలొస్తే 1993లో 'నిర్మాణ పనులు పూర్తి' అని వేరే లెక్క మొదలుపెట్టారు. 2019 ఆర్థిక సంవత్సరంలో 27 స్థలాలను పూర్తిగానో, కొంత భాగమో తీసేశామని అప్పటి ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంది. ఇలాంటి శుద్ధికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. నాట్లేసింది ఒకరు, కుప్పనూర్చి ఫొటో దిగింది ఇంకొకరు.

ఇక మన పటాన్‌చెరు సంగతి. నక్కవాగు, ఇసుకవాగు మంజీరలో కలిసే ఆయకట్టులో ఒకప్పుడు రెండు పంటలు పండిన ఊళ్ల రైతులకు ఇది కొత్త కథ కాదు. 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. అది 2001లో హైకోర్టుకు, తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లి 2017లో తీర్పుకొచ్చింది. ఇరవై ఏడేళ్లు! పిటిషన్ వేసిన నాటికి పుట్టిన పిల్లలకు పిల్లలు పుట్టారు.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటిన 43 ప్రాంతాలను 'అత్యంత కలుషితం' అంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రం నుంచి అందులో రెండున్నాయి: విశాఖపట్నం 70.82, పటాన్‌చెరు-బొల్లారం 70.07. 2010 జనవరిలో ఆ 43 చోట్లా కొత్త పరిశ్రమలకు, విస్తరణకు పర్యావరణ అనుమతులు ఆపేశారు. దాన్నే మారటోరియం అన్నారు. ఆ తర్వాత రాష్ట్రాలు 'కార్యాచరణ ప్రణాళిక' ఇచ్చాయని ఒక్కోచోట ఎత్తేస్తూ వచ్చారు. పటాన్‌చెరుకూ ఎత్తేశారు. 2013 సెప్టెంబరులో మళ్లీ మార్కులు చూసి, ఎనిమిది ప్రాంతాల్లో తిరిగి నిషేధం పెట్టారు. అందులో పటాన్‌చెరు-బొల్లారం ఉంది. 2014 జూన్‌లో, తెలంగాణ ఏర్పడిన కొద్ది రోజులకే, ఆ నిషేధాన్నీ పక్కన పెట్టేశారు.

ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. ఈ నాలుగేళ్లలో ఏ వాగులో విషపు బురద తీశారని పేరు దించారు? ఏ ఊరి బోరు నీళ్లు పరీక్షించి, ఆ ఫలితం ఏ పంచాయతీ గోడ మీద అతికించి, ఎవరి అభ్యంతరాలు అడిగారు? అక్కడ పని పూర్తయ్యాక పేరు దించుతారు, ఇక్కడ ప్రణాళిక కాగితం అందగానే దించారు. తేడా అంతా ఇందులో ఉంది. ఎందుకంటే మన జాబితా పుట్టింది ఫ్యాక్టరీకి అనుమతి ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి. నేల బాగుచేయడానికి పుట్టిన జాబితా కాదు. దానికి నిధి లేదు, గడువు లేదు, రైతు ఊసు లేదు.

కొలిచేదాంట్లో కూడా మోసం ఉంది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. 'శుద్ధి చేసిన' నీళ్లవి! మందుల ఫ్యాక్టరీల నీళ్లలో యాంటీబయాటిక్‌లకు పరిమితి పెడతామని కేంద్రం 2020లో ముసాయిదా తెచ్చింది. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి. కొలవని విషానికి మార్కులుండవు. మార్కులు లేకపోతే జాబితాలో చోటుండదు.

ఇప్పుడు ఒక అవకాశం వచ్చింది. కలుషిత స్థలాల నిర్వహణకు 2025 జూలైలో కేంద్రం ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. దేశంలో గుర్తించినవి 103 స్థలాలని, శుద్ధి మొదలైంది ఏడింటిలోనేనని అప్పట్లో చెప్పారు. అనుమానం ఉన్న స్థలాల మీద జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి, రాష్ట్ర మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి, కలుషితం చేసినవాడి చేత ఖర్చు పెట్టించాలి అని అందులో ఉంది. కలెక్టరు నివేదికలో మన ఊరు ఉండాలంటే మనం చెప్పాలి. ఎవరో వచ్చి రాసుకుంటారని కూర్చుంటే 'నిల్' అని పంపేస్తారు.

అందుకని ప్రతి మండల కమిటీకి మేం చెప్పేది ఇది. ఫ్యాక్టరీల దిగువన ఉన్న వాగులు, చెరువులు, బోర్లు, సాగు మానేసిన సర్వే నంబర్లు రాయండి. ఏ ఏడాది నుంచి పంట పోయింది, గొడ్లు ఎప్పుడు చచ్చాయి, చేపలు ఎప్పుడు తేలాయి తేదీలతో రాయండి. గ్రామసభలో తీర్మానం చేయించి కలెక్టరుకు, కాలుష్య మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తీర్మానంలో ఈ మాటలు తప్పకుండా ఉండాలి: మా నేలను సాగుకు పనికొచ్చే కొలతతోనే పరీక్షించాలి, నమూనా తీసేటప్పుడు రైతు ఎదుట ఉండాలి, ఫలితం తెలుగులో పంచాయతీలో పెట్టాలి, జాబితా నుంచి పేరు తీసే ముందు గ్రామసభకు 30 రోజుల గడువిచ్చి అభ్యంతరాలకు రాతపూర్వకంగా జవాబివ్వాలి, తీసిన తర్వాత ఐదేళ్లకోసారి మళ్లీ పరీక్షించాలి. అమెరికాలో దశాబ్దాలుగా ఇస్తున్న 30 రోజులు మన గ్రామసభకు ఎందుకివ్వరో వాళ్లే చెప్పాలి.

తీర్మానం నమూనా ప్రతులు బయట బల్ల మీద ఉన్నాయి. మండలానికి ఐదు చొప్పున తీసుకెళ్లండి. ముద్ర వేయించిన ప్రతుల జిరాక్సులు వచ్చే నెల సమావేశానికి జిల్లా కార్యాలయంలో అందజేయండి.