రెండో అంకె కూడా చెప్పండి

 పట్టాలు అందుకున్న యువ డాక్టర్లకు అభినందనలు.

కొన్నేళ్ల కిందట ఒక తండ్రి తొమ్మిదేళ్ల పాపను ఎత్తుకుని నా ఓపీకి వచ్చాడు. విడవని జ్వరం, కీళ్లవాతం. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి ఆ పిల్ల పేస్టు మూత కూడా తిప్పలేకపోయేది. ఆయన జేబులోంచి నాలుగు మడతల కరపత్రం తీసి, "స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే నయమైపోతుందట కదా సార్, పొలం బేరం పెట్టాను" అన్నాడు.

కూర్చోబెట్టి చెప్పాను. ఇలాంటి పిల్లలకు మూలకణ మార్పిడి నిజంగానే చేశారు. ఏ మందుకూ లొంగని నలుగురి ఫలితాలను నెదర్లాండ్స్‌ డాక్టర్ నికో వుల్‌ఫ్రాట్ బృందం 1999లో 'లాన్సెట్'లో ప్రచురించింది. ముందు పిల్లల సొంత మూలకణాలు తీసి భద్రపరుస్తారు. తర్వాత సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందులు భారీ మోతాదులో ఇచ్చి, ఒంటి మీదే తిరగబడ్డ రోగనిరోధక కణాలను తుడిచేస్తారు. అప్పుడు మూలకణాలు తిరిగి ఎక్కిస్తారు. జబ్బును దెబ్బకొట్టేది ప్రధానంగా ఆ మందులు. ఖాళీ అయిన మజ్జను నిలబెట్టేవి మూలకణాలు. ఊరికే ఒక సూదితో అయ్యే పని కాదు.

2004 నాటికి 34 మంది పిల్లల లెక్క బయటికొచ్చింది. 18 మందికి మందులే అక్కర్లేకుండా జబ్బు అణిగింది. చికిత్స వల్లనే ముగ్గురు చనిపోయారు. ఆ మార్పిడులు చేసిన బృందాలు దాన్ని దాచలేదు. తొలి మరణాలు చూసి పద్ధతే మార్చుకున్నాయి: జబ్బును కాస్త అదుపులోకి తెచ్చాకే మార్పిడికి దిగాయి, కణాలను మరీ వడకట్టడం తగ్గించాయి. తర్వాత టోసిలిజుమాబ్ లాంటి మందులొచ్చాయి. 2011లో అమెరికాలో ఈ రకం కీళ్లవాతంలో వాడేందుకు దానికి అనుమతి దొరికింది. మార్పిడి దాకా వెళ్లే అవసరం తగ్గింది.

మన దేశంలో 2017 జాతీయ మార్గదర్శకాల మాట సూటిగా ఉంది. ఆమోదించిన మజ్జ మార్పిడులు తప్ప మిగతా మూలకణ చికిత్సలు ట్రయల్‌లోనే జరగాలి. అందులో చేరినవారి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

అంతా విని ఆ తండ్రి కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆ ముగ్గురి సంగతి ఇందులో లేదే సార్?" అన్నాడు.

మిత్రులారా, రేపు మీ ముందు కూడా ఇలాంటి తండ్రి కూర్చుంటాడు. 18 అన్న గొంతుతోనే 3 కూడా చెప్పండి. కరపత్రంలో లేని అంకె చెప్పే మనిషి కోసమే ఆయన బస్సెక్కి మీ దాకా వస్తాడు.