నేలను కొలిచే కొలువులు మనవి కావాలె

(నిరుద్యోగ యువత, ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



చదువుకున్న మన పిల్లల్ని ఏం కొలువు కావాలని అడిగితే గ్రూప్స్ అంటారు, పోలీసు అంటారు, టీచర్ అంటారు, సాఫ్ట్‌వేర్ అంటారు. సర్వేయర్ అవుతానని చెప్పే పిల్లలు అరుదు. కానీ ఏ ఊరికి పోయినా ముందు వినబడేది గెట్టు పంచాయితీయే. అన్నదమ్ముల నడుమ గెట్టు, ఊరికీ ఊరికీ నడుమ పొలిమేర, చెరువుకూ వెంచరుకూ నడుమ హద్దురాయి. పంచాయితీలు ఇన్ని ఉన్నా కొలిచే మనుషులు మాత్రం తక్కువ. సర్వేకు దరఖాస్తు పెట్టుకుని నెలల తరబడి మండల ఆఫీసు చుట్టూ తిరిగిన రైతులు ఈ సభలోనే ఉండి ఉంటారు. అందుకే ఈరోజు మేం నేల ఎత్తుపల్లాలను, హద్దులను కొలిచే పని గురించి, అందులో ఉన్న ఉపాధి గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాం.

నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం కొట్లాడినం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ మూడు మాటల్లో మొదటిదాని కింద ఉన్నది నేల వాలే. మన నేల దక్కన్ పీఠభూమి. నది కింద పారుతుంది, చేన్లు మీద ఉంటాయి. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ నిండు మట్టం 1091 అడుగులు. అక్కడి నుంచి కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు వాలు మీదనే పారేటట్టు కట్టారు. పెద్ద కాలువకు కిలోమీటరుకు కొన్ని సెంటీమీటర్ల వాలే ఇస్తారు. ఆ సెంటీమీటర్లు తప్పితే నీళ్లు ముందుకు పారవు. అదే మేడిగడ్డ దగ్గర గోదావరి నీళ్లను కొండపోచమ్మసాగర్‌కు చేర్చాలంటే 100 మీటర్ల మట్టం నుంచి 618 మీటర్ల దాకా మోటార్లతో ఎత్తాలి. ఒకచోట వాలు, ఇంకోచోట కరెంటు బిల్లు. ఈ తేడాను ముందుగా చెప్పగలిగేది లెవెల్ పట్టిన మనిషే. ఉద్యమ కాలంలో మన ఇంజినీర్లు సభల్లో పటాలు పరిచి చెప్పిన పాఠం ఇదే.

మరి ఈ పని అంత కష్టమైన విద్యనా? కాదు. లెవెలింగ్ అంటే ఒక కూడిక, ఒక తీసివేత. ఎత్తు తెలిసిన చోటును బెంచ్‌మార్కు అంటాం. దాని ఎత్తు 500 మీటర్లు అనుకోండి. దాని మీద స్టాఫ్ నిలబెట్టి పరికరంలోంచి చూస్తే 1.250 కనబడింది. కలిపితే పరికరం ఎత్తు 501.250. ఇప్పుడు ముందున్న చోట స్టాఫ్ పెడితే 2.100 కనబడింది. తీసేస్తే ఆ చోటు ఎత్తు 499.150. ఇట్లా చోటు తర్వాత చోటు ఎత్తు తీసుకుంటూ పోయి, సమానమైన ఎత్తులను గీతతో కలిపితే కాంటూరు. కాంటూర్లు దగ్గర దగ్గరగా ఉంటే గుట్ట, దూరం దూరంగా ఉంటే మైదానం. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీటు మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. టోపోగ్రఫీ అనే పెద్ద పేరున్న విద్యకు తొలిమెట్టు ఇంతే. పదో తరగతి లెక్కలు వచ్చిన పిల్లలు దీన్ని పట్టుకోగలరు.

అయితే పని సులువు కదా అని బాధ్యత తక్కువ అనుకోవద్దు. చెరువు సంగతి చూడండి. అలుగు మట్టాన్ని బట్టి ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నీటి మట్టం గీత గీస్తారు. ఆ గీత లోపల ఉన్నది శిఖం. వంద అడుగులకు ఒక అడుగు వాలు ఉన్న నేల మీద సర్వేయర్ అర మీటరు తప్పు చదివితే ఆ గీత 50 మీటర్లు జరుగుతుంది. ఆ 50 మీటర్లలో ఒక పేదోని ఇల్లు ఉండొచ్చు, ఒక పెద్దోని వెంచర్ ఉండొచ్చు. 2024 జూలైలో హైదరాబాద్‌లో హైడ్రా ఏర్పడిన తర్వాత ఎఫ్‌టీఎల్ అనే మాట ఇంటింటికీ తెలిసింది. గీత సరిగ్గా ఉన్నదా లేదా అన్నదే కోర్టులో, బజార్లో మొదటి వాదన. ఆ గీత గీసే చేయి ఎవరిది, ఆ చేతికి ఏం నేర్పారు అన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

ఈ చేయి మనకు కొత్తది కాదు. నిజాం కాలపు సర్వేలో ప్రతి సర్వే నంబరుకు కొలతలతో టీపన్ రాశారు. ఊరంతటికీ నక్ష గీశారు. విస్తీర్ణం, శిస్తు చెప్పే సేత్వార్ ఉండేది. 33 అడుగుల గొలుసుతో కొలిచారు. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉంటే ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం. ఇప్పటికీ మన పాస్‌బుక్‌లో గుంటల లెక్క నడుస్తున్నదంటే ఆ గొలుసే కారణం. తరాలు మారాయి, భూములు చేతులు మారాయి, భాగాలు పంచుకున్నారు. కానీ నక్ష మీద గీతలు అదే వేగంతో మారలేదు. చాలా ఊర్ల టీపన్లు చిరిగి శిథిలమయ్యాయి. కాగితం ఒకటి చెబుతుంది, నేల ఇంకొకటి చెబుతుంది.

ఇంకొక మాట. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే మన నేల మీదుగానే ఉత్తరానికి పోయింది. 1819లో కృష్ణా గోదావరి నడుమ అడవుల్లో జార్జ్ ఎవరెస్ట్ బృందం జ్వరాలతో కుప్పకూలింది. ఎవరెస్ట్ పేరు శిఖరానికి పెట్టారు. జెండా పట్టిన వాళ్ల పేర్లు, గొలుసు లాగిన వాళ్ల పేర్లు ఏ పటంలోనూ లేవు. మన పిల్లలు గొలుసు లాగే దగ్గరే ఆగిపోవద్దు, పటం మీద సంతకం చేసే దాకా పోవాలని మేం కోరుకునేది అందుకే.

ఇప్పుడు కొలువుల సంగతికి వద్దాం. మెట్టు మెట్టుగా చెబుతాం.

మొదటి మెట్టు ఊర్లోనే ఉన్నది. 2025 ఏప్రిల్‌లో భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. దాంతోపాటు ప్రభుత్వం లైసెన్స్ సర్వేయర్ల కోసం దరఖాస్తులు పిలిచింది. గణితంతో ఇంటర్ చదివినవాళ్లు, ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసినవాళ్లు, సివిల్ డిప్లొమా, బీటెక్ ఉన్నవాళ్లు శిక్షణ తీసుకుని పరీక్ష రాశారు. 2025 అక్టోబరులో మూడు వేలకు పైగా మందికి లైసెన్సులు ఇచ్చారు. పక్క రాష్ట్రంలో 2019 నుంచే గ్రామ సచివాలయాల్లో సర్వేయర్లు ఉన్నారు, 2020 డిసెంబరులో అక్కడ సమగ్ర రీసర్వే మొదలైంది.

రెండో మెట్టు ఐటీఐ, పాలిటెక్నిక్. ఐటీఐలో సర్వేయర్ ట్రేడ్, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ట్రేడ్ ఉన్నాయి. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా మూడేండ్లు. రోడ్లు, రైల్వే లైన్లు, కరెంటు టవర్లు, పైపులైన్లు, లేఅవుట్లు ఏవి వేసినా ముందు దిగేది సర్వే బృందమే. టోటల్ స్టేషన్, డీజీపీఎస్ సొంతంగా నడపగలిగినవాళ్లకు ప్రైవేటు పని దొరుకుతుంది. సింగరేణి ప్రాంతపు పిల్లలకు ఇంకొక దారి ఉన్నది. బొగ్గు గనిలో సర్వేయర్‌గా బాధ్యత తీసుకోవాలంటే గనుల భద్రతా డైరెక్టర్ జనరల్ ఇచ్చే సర్వేయర్ సర్టిఫికెట్ ఉండాలి. ఆ పరీక్ష పాసైనవాళ్లకు దేశంలో ఏ బొగ్గు గనిలోనైనా విలువ ఉంటుంది.

మూడో మెట్టు కేంద్ర సంస్థలు. 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియా వారి జాతీయ శిక్షణ సంస్థ ఉన్నది ఎక్కడో కాదు, మన ఉప్పల్‌లో. దేశం నలుమూలల నుంచి అక్కడికి వచ్చి నేర్చుకుని పోతున్నారు. దాని గేటు ముందు నుంచి రోజూ బస్సులో పోయే మన పిల్లలకు అది ఏమిటో తెలియదు. బాలానగర్‌లో ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉన్నది. 2005లో ఎగిరిన కార్టోశాట్-1 రెండు కెమెరాలతో ఒకే నేలను రెండు కోణాల్లో చూసి ఎత్తులను పట్టుకుంది. అట్లాంటి బొమ్మలను చదివేవాళ్లు కావాలి. ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష, జియో సైంటిస్ట్ పరీక్ష, స్టాఫ్ సెలెక్షన్ నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. 2022 నుంచి గేట్‌లో జియోమాటిక్స్ ఇంజినీరింగ్ అనే పేపరే వేరుగా పెట్టారు. జేఎన్‌టీయూలో, వరంగల్ నిట్‌లో రిమోట్ సెన్సింగ్, జీఐఎస్‌కు సంబంధించిన ఎంటెక్ ఉన్నది.

నాలుగోది డ్రోన్. 2020 ఏప్రిల్‌లో స్వామిత్వ పథకం కింద ఊర్ల ఆబాదీని డ్రోన్లతో కొలవడం మొదలైంది. 2025 ఫిబ్రవరిలో పట్టణాల కోసం నక్ష కార్యక్రమం వచ్చింది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పది పాసై, పద్దెనిమిదేండ్లు నిండినవాళ్లు గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో నేర్చుకుని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. డ్రోన్ ఎగరేయడం పనిలో సగం కూడా కాదు. తెచ్చిన బొమ్మల నుంచి పటం తయారుచేయడం వచ్చినవాడికే కూలి గిట్టుబాటవుతుంది.

ఐదోది గల్ఫ్. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి కూలికి పోయినవాళ్లకు తెలుసు, అక్కడ కట్టడం పనిలో కూలికీ సర్వేయర్‌కూ జీతంలో ఎంత తేడానో. పోవాలనుకుంటే చేతిలో పని నేర్చుకుని పోండి. ఏజెంటు విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయ్యాడా చూడండి. చట్టం ప్రకారం అతను తీసుకోవాల్సిన సేవా రుసుము 30 వేలు, దాని మీద జీఎస్టీ. లక్షలు అడిగినవాడి మాట నమ్మవద్దు. విజిట్ వీసా మీద అసలే పోవద్దు.

మిత్రులారా, అవకాశాలు చెప్పినం. ఇప్పుడు చేదు మాట కూడా చెప్పాలి.

లైసెన్సు కొలువు కాదు. లైసెన్స్ సర్వేయర్‌కు నెల జీతం లేదు, కొలిచినప్పుడు వచ్చే రుసుమే ఆదాయం. ఎవరు డబ్బు ఇస్తే వాళ్ల భూమి కొలిచే మనిషి మీద గ్రామంలో ఎంత ఒత్తిడి ఉంటుందో ఉద్యోగులైన మీకు తెలుసు. గెట్టుకు అటువైపు ఉన్న బీదరైతు రుసుము కట్టలేడు. వాడి తరఫున నిలబడేది ప్రభుత్వ సర్వేయరే. లైసెన్సుదారులు కొలిచిన పటాన్ని తనిఖీ చేయాల్సిందీ ఆయనే. ఆయన మీద పది ఊర్ల భారం వేసి, పరికరం ఇవ్వకుండా, తనిఖీ సక్రమంగా జరగాలంటే ఎట్లా? అందుకే లైసెన్సులు వచ్చాయని శాశ్వత పోస్టులు మరిచిపోవద్దు. సర్వే శాఖలో ఖాళీలు ఎప్పటికప్పుడు నింపాలని విద్యార్థులు, ఉద్యోగులు ఒకే గొంతుతో అడగాలి. లైసెన్సు ఉన్న పిల్లలకు ఆ నియామకాల్లో అనుభవం కింద గుర్తింపు ఇవ్వాలి.

హైదరాబాద్‌లో మ్యాపుల కంపెనీల సంగతీ అంతే. తెర మీద రోడ్లు గీసే పని వేల మందికి తిండి పెడుతున్నది, కాదనం. కానీ అందులో చాలా పని కాంట్రాక్టు మీదది. ప్రాజెక్టు అయిపోతే ఇంటికి పంపుతారు. గీతలు గీయడం దగ్గరే ఆగినవాళ్లను ముందు పంపుతారు. ఆ పని ఇప్పుడు కంప్యూటర్లే నేర్చుకుంటున్నాయి. కాబట్టి గీయడంతో పాటు, ఆ గీత తప్పా ఒప్పా అని నేల మీదికి పోయి తేల్చే విద్య నేర్చుకోండి.

అమ్మాయిలు అడుగుతున్నారు, ఇది ఎండలో తిరిగే పని కదా అని. చేన్లో నాట్లు వేసేది, కలుపు తీసేది ఎవరు? ఎండ మన ఆడవాళ్లకు కొత్త కాదు. కొలతకు పోయినప్పుడు తోడు, రవాణా కల్పించడం శాఖ బాధ్యత, అది అడిగి తీసుకోండి.

రేపటి నుంచి ఏం చేయాలి? ముందు మీ ఊరి నక్ష సంపాదించండి. మీ సొంత సర్వే నంబరు టీపన్ ఉంటే చదవడం నేర్చుకోండి. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దాన్ని కంప్యూటర్‌లో వేసుకోండి. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠాలు చెబుతుంది. కోచింగ్ కేంద్రానికి వేలు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఎన్ని రోజులు పరికరం మా చేతికి ఇస్తారు? బోర్డు మీద బొమ్మ గీసి చూపించేవాళ్ల దగ్గరికి పోవద్దు. శాఖలో ఉన్న అన్నలూ, అక్కలూ, సెలవు రోజు ఒక్క పూట మీ మండలంలోని పిల్లలను పిలిచి లెవెల్ పట్టి చూపించండి. మేం కూడా వస్తాం, స్టాఫ్ పట్టుకుని నిలబడతాం.

మీ ఊరి చెరువు అలుగు ఎత్తు ఎంత, కట్ట ఎత్తు ఎంత, ఆఖరి తూము ఎక్కడున్నది? వచ్చే సదస్సు నాటికి ప్రతి ఊరి నుంచి ఒక్కరన్నా ఈ మూడు లెక్కలు కొలిచి, కాగితం మీద రాసి తేవాలె. అవి ముందర పెట్టుకుని ఖాళీల మీద, నియామకాల మీద మాట్లాడుదాం.